ఆఫ్రికాలో సేవ చేయాలనుందా? టీమ్ ట్రిప్, ఆసుపత్రి ఓడ, మిషన్ ఆసుపత్రి, డబ్బు సాయం: ఎవరికి ఏది సరిపోతుంది

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, వాగ్దాన కార్డులు చేతికొచ్చాక సంఘంలో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు: "ఈ ఏడాది ఆఫ్రికాకు సేవకు వెళ్లాలని ఉందన్నా, ఎలా వెళ్లాలి?" అడిగేవాళ్లలో నర్సులుంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుంటారు, బైబిల్ కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్లుంటారు, రిటైరైన టీచరమ్మలుంటారు. ఆఫ్రికా అంటే 54 దేశాలు. సేవ అంటే కంటి ఆపరేషన్ నుంచి చర్చి అకౌంట్లు రాయడం దాకా ఏదైనా కావచ్చు. అందరికీ ఒకే జవాబు చెల్లదు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. చేతిలో పనికొచ్చే విద్య ఉండి, కొన్ని నెలలు ఇవ్వగలిగితే వెళ్లండి. రెండు వారాల సెలవు మాత్రమే దొరికితే, ఒకటి రెండు సందర్భాలు తప్ప, టికెట్ డబ్బులు అక్కడ పనిచేస్తున్నవాళ్లకు పంపడమే మేలు. అనాథాశ్రమంలో పిల్లలతో పది రోజులు గడిపి వద్దామనుకుంటే మాత్రం వెళ్లొద్దు. ఎందుకో కింద చెప్తాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఖర్చు, సెలవు, భద్రత అన్నీ చూడాల్సినవే. కానీ వాటన్నిటికంటే ముందు రెండు ప్రశ్నలున్నాయి: మిమ్మల్ని పిలిచింది ఎవరు? అక్కడ మీకు పని చెప్పేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు అక్కడి స్థానికులే అయితే ఆ దారి దాదాపు మంచిదే. రెండింటికీ జవాబు మన సంఘం పాస్టరుగారో, హైదరాబాద్‌లోని ట్రిప్ ఆర్గనైజరో అయితే అనుమానించాలి.

ఈ సంగతి తెలుగు క్రైస్తవులకు ఒకరు చెప్పక్కర్లేదు. వందేళ్లకు పైగా మనం అందుకునే వైపు ఉన్నవాళ్లం. అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూసేదాకా పనిచేసింది కాబట్టి ఆ ఊళ్లో ఆసుపత్రి నిలబడింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ముఖం మీదే చెప్పాడు: మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని. పెత్తనం చేసే దాతలతో మనకు ఎక్కడ నొప్పి పుట్టిందో తెలిసినవాళ్లం కాబట్టి, మనం దాతల వైపుకు మారినప్పుడు అదే నొప్పి ఇంకొకరికి కలిగించకూడదు.

పది రోజుల టీమ్ ట్రిప్

ఎక్కువమంది ముందుగా అడిగేది ఇదే. పదిమంది బృందం, ఒకే రంగు టీషర్టులు, రెండు రోజులు సువార్త కూటాలు, ఒక రోజు స్కూలు గోడలకు రంగులు, ఒక రోజు మెడికల్ క్యాంపు, చివర్లో సఫారీ. విమానం టికెట్లు, బస, తిరుగుడు అన్నీ కలిపితే మనిషికి లక్ష దాటడం పెద్ద విషయం కాదు. పదిమందికి పది లక్షలు. గోడకు రంగు వేయడానికి ఆ ఊళ్లో పెయింటర్ లేడా? ఉన్నాడు, పని కోసం ఎదురుచూస్తున్నాడు కూడా.

వెళ్లొచ్చినవాళ్లకు కళ్లు తెరుచుకుంటాయి, దానం చేసే మనసు పెరుగుతుంది అంటారు. కొందరి విషయంలో నిజమే. అలాంటప్పుడు దాన్ని నేర్చుకునే యాత్ర అని ఒప్పుకొని, సొంత డబ్బుతో వెళ్లండి. సంఘం కానుకలతో వద్దు.

మెడికల్ క్యాంపు గురించి గట్టిగానే చెప్పాలి. అక్కడి రిజిస్ట్రేషన్ లేకుండా మందులివ్వడం, వారం తర్వాత ఆ రోగిని ఎవరు చూస్తారో తెలియకపోవడం ప్రమాదం. ఉగాండాలోని జింజాలో వైద్యశిక్షణ ఏమీ లేని ఒక అమెరికన్ యువతి మంచి మనసుతోనే పోషకాహార కేంద్రం పెట్టింది. 2010 నుంచి 2015 మధ్య అక్కడ వందకు పైగా పిల్లలు చనిపోయారు, కోర్టు కేసు దాకా వెళ్లింది. ఇక్కడ మనం చేయనిది అక్కడా చేయకూడదు. గుంటూరులో సూది వేయడానికి అర్హత లేనివాళ్లకు కంపాలాలో ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక అనాథాశ్రమాలు. సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో ఒక నివేదిక ఇచ్చింది: ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సంస్థల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్లో, అక్కడైతే చదువు దొరుకుతుందనో ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. విదేశీ సందర్శకులు, వాళ్ల డాలర్లు వచ్చేకొద్దీ ఆశ్రమాలు పెరుగుతాయి, వాటిని నింపడానికి పిల్లలను వెతుక్కొచ్చే మనుషులు తయారవుతారు. అందుకే కెన్యా 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022 నుంచి పదేళ్లలో పిల్లలను కుటుంబాల్లోకి మార్చే ప్రణాళిక నడుపుతోంది. రువాండా 2012లోనే ఆ దారి పట్టింది. 2019లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానంలోనూ ఈ అనాథాశ్రమ పర్యాటకం ప్రస్తావన ఉంది. వారం రోజులు మన ఒళ్లో కూర్చుని, తర్వాత మనం వెళ్లిపోతే మళ్లీ ఇంకొకరి ఒళ్లో కూర్చునే పిల్లాడి గురించి ఒకసారి ఆలోచించండి. ఫేస్‌బుక్‌లో ఆ ఫోటోలు పెట్టేముందు దానం రహస్యంగా చేయమన్న మత్తయి సువార్త ఆరో అధ్యాయం ఒకసారి చదువుకుంటే ఇంకా మంచిది.

ఆసుపత్రి ఓడ

తక్కువ కాలానికి వెళ్లినా నిజంగా పనికొచ్చే అరుదైన దారి ఇది. మెర్సీ షిప్స్ 1978లో మొదలైన క్రైస్తవ సంస్థ. ఇప్పుడు వాళ్ల పెద్ద ఓడ గ్లోబల్ మెర్సీ. ఆసుపత్రిగానే డిజైన్ చేసి కట్టిన ఈ ఓడ 2021లో చేతికొచ్చింది, లోపల ఆరు ఆపరేషన్ థియేటర్లున్నాయి. మొదట సెనెగల్‌లోని డకార్, తర్వాత 2023లో సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్. అంతకు ముందు నుంచీ ఉన్న ఆఫ్రికా మెర్సీ అసలు డెన్మార్క్‌లో రైళ్లను దాటించిన పాత ఫెర్రీ. దాన్ని ఆసుపత్రిగా మార్చి 2007 నుంచి నడుపుతున్నారు.

గ్రహణమొర్రి, కంటి శుక్లాలు, ముఖం మీద పెరిగే పెద్ద కణుతులు, వంకర కాళ్లు, గాయిటర్ (థైరాయిడ్ వల్ల వచ్చే గొంతు వాపు) లాంటివాటికి ఇందులో ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. సర్జన్లు, మత్తు డాక్టర్లు కొద్ది వారాలకు కూడా వెళ్లొచ్చు. నర్సులు ఇంకొంచెం ఎక్కువ కాలం ఉండాలి. వైద్యులే కానక్కర్లేదు. వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఐటీ వాళ్లు, ఓడలోని పిల్లల బడికి టీచర్లు అందరూ కావాలి. మన ఇంజనీరింగ్ కుర్రాళ్లకు ఈ సంగతి పెద్దగా తెలియదు.

చిక్కు ఏమిటంటే ఇందులో జీతం ఉండదు సరికదా, ఓడలో మీ తిండికి, మంచానికి మీరే నెలనెలా కట్టాలి, విమానం టికెట్ కూడా మీదే. సర్జన్ నుంచి అంట్లు కడిగేవాళ్ల దాకా ఇదే పద్ధతి. సొంతంగా భరించలేకపోతే సంఘమో, స్నేహితులో నిలబడాలి. ఇలాంటి ఖర్చుకు సంఘం కానుక వాడితే నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే పని ఏమిటో, ఎన్ని రోజులో, ఎవరి కింద చేస్తారో కాగితం మీద ఉంటుంది. వీధుల్లో సువార్త ప్రకటించాలన్న ఆశతో వెళ్లేవాళ్లకు ఓడ అంతగా నప్పదు. రోజంతా వార్డులోనో, ఇంజిన్ గదిలోనో గడిచిపోతుంది.

మిషన్ ఆసుపత్రి, ఎక్కువ కాలం

డాక్టరో, నర్సో, ల్యాబ్ టెక్నీషియనో అయ్యుండి ఆరు నెలల నుంచి రెండేళ్లు ఇవ్వగలిగితే నేను వేలు చూపించేది ఇటే. కెన్యాలో కిజాబె ఆసుపత్రి 1915 నుంచి, బొమెట్ దగ్గరి టెన్వెక్ 1937 నుంచి నడుస్తున్నాయి. ఇక్కడ మీరు వచ్చినా రాకపోయినా ఉదయం రౌండ్స్ మొదలవుతాయి. స్థానిక డాక్టర్లు మీకు పైవాళ్లుగా ఉంటారు. మన అహానికి అది కొంచెం గుచ్చుకుంటుంది, పనికి మాత్రం మంచిది.

వీటిలోనూ నాకు ఎక్కువ నచ్చేది శిక్షణ ఇచ్చే చోట్లు. పాన్ ఆఫ్రికన్ అకాడమీ ఆఫ్ క్రిస్టియన్ సర్జన్స్ అనే సంస్థ 1990ల చివర్లో గాబోన్‌లోని బొంగోలో ఆసుపత్రి నుంచి మొదలై, మిషన్ ఆసుపత్రుల్లోనే ఆఫ్రికన్ డాక్టర్లకు ఐదేళ్ల సర్జరీ శిక్షణ ఇస్తోంది. మీరు ఒక సీనియర్ సర్జన్ అయితే, మీరు చేసే ఆపరేషన్లు మీతోనే ఆగిపోతాయి, నేర్పినవి ఇంకో ముప్పై ఏళ్లు సాగుతాయి. ఇథియోపియాలో హామ్లిన్ డాక్టర్ దంపతులు చేసిందీ ఇదే. 1959లో అడిస్ అబాబా వెళ్లారు, కాన్పు కష్టమై ఫిస్టులాతో, అంటే లోపల రంధ్రం పడి, మూత్రం కారుతూ ఇంట్లోంచి గెంటబడిన స్త్రీల కోసం 1974లో ప్రత్యేక ఆసుపత్రి తెరిచారు. తర్వాత 2007లో మంత్రసానుల కాలేజీ కూడా వచ్చింది. కాన్పు సరిగ్గా జరిగితే ఫిస్టులాయే రాదు కదా. కేథరీన్ హామ్లిన్ 2020లో 96 ఏళ్ల వయసులో ఆ ఊళ్లోనే చనిపోయింది.

లైసెన్స్ పని ముందే మొదలుపెట్టండి. కెన్యాలో డాక్టర్లకు అక్కడి మెడికల్ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి. దీనికి నెలలు పడుతుంది, మన దగ్గర నుంచి వెళ్లాల్సిన సర్టిఫికెట్ల కోసం మన కౌన్సిల్ ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ వేరు. భాష సంగతీ చూసుకోండి. ఇంగ్లిష్ ఒక్కటే వస్తే కెన్యా, ఉగాండా, జాంబియా, మలావి, ఘనా, సియెర్రా లియోన్ లాంటివి తేలిక. సెనెగల్, గాబోన్, నైజర్, చాద్‌లలో ఫ్రెంచ్ రాకపోతే రోగితోనే కాదు, ఆసుపత్రి సిబ్బందితోనూ మాట్లాడలేరు. కెన్యాలో కూడా డాక్టర్ల మధ్య ఇంగ్లిష్ నడుస్తుంది గానీ, టెన్వెక్‌కు వచ్చే ముసలమ్మ కిప్సిగిస్‌లో మాట్లాడుతుంది.

క్రైస్తవ సంస్థా, మతంతో సంబంధం లేని సంస్థా?

ఎంఎస్ఎఫ్ అని పిలిచే డాక్టర్స్ వితౌట్ బార్డర్స్‌లో చేరితే ఖర్చులు వాళ్లే చూసుకుంటారు, కొంత డబ్బూ ఇస్తారు. అనుభవం ఉన్న వైద్యులు, నర్సులే కాకుండా లాజిస్టిక్స్, ఫైనాన్స్ వాళ్లను కూడా తీసుకుంటారు. సర్జన్ల లాంటి కొందరికి తప్ప మొదటి పోస్టింగ్ చాలా నెలలు ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం మత ప్రచారం కుదరదు, మీ విశ్వాసం మీ గదిలోనే. ఇల్లు నడవాల్సిన మధ్యతరగతి నర్సుకు ఇది మిషన్ ఆసుపత్రి కంటే వీలైన దారి కావచ్చు. "అది సేవ కాదు, ఉద్యోగం" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

అసలు క్రైస్తవ సంస్థల్లోనూ సాయాన్ని ప్రచారంతో ముడిపెట్టకూడదన్న నియమం పాతదే. విపత్తు సాయంలో పాటించాల్సిన ప్రవర్తనా నియమావళిని 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి రాసిన వాటిలో వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ ఉన్నాయి. ఆ లూథరన్ ఫెడరేషన్‌లో మన గుంటూరు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) కూడా సభ్య సంఘమే. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పళ్లెం, ప్రార్థన ఒకేసారి పెడితే వాడు దేనికి తలూపాడో ఎవరికీ తెలియదు. బియ్యం కోసం మతం మారారన్న నింద మన పల్లెల్లో ఎన్ని తరాలుగా వెంటాడుతోందో మనకు తెలుసు.

సువార్త కోసమే వెళ్లాలనుకుంటే

వెళ్లేముందు ఒక సంగతి మింగుడుపడాలి. ప్యూ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం 2020 నాటికి ప్రపంచ క్రైస్తవుల్లో సుమారు 31 శాతం సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే ఉన్నారు. యూరప్‌లో 22 శాతమే. కెన్యా 2019 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 85 శాతం దాకా ఉన్నారు. ఇథియోపియా సంఘం వయసు పదహారు వందల ఏళ్ల పైమాటే. నైరోబీ వీధుల్లో మైకు పట్టుకుని "యేసును మీరెరుగుదురా" అని మనం అడిగితే, వాళ్లు నవ్వుకుని మనల్ని వాళ్ల ఆరాధనకు ఆహ్వానిస్తారు.

అలాంటి చోట్ల కొరత ప్రసంగీకులది కాదు. పల్లె పాస్టర్లకు బైబిల్ శిక్షణ, సంఘాల లెక్కలు సరిగా రాయడం, జైళ్లలో, శరణార్థి శిబిరాల్లో ఓపికగా చేసే పని, ఇవి అడుగుతారు. బోధించడం వచ్చినవాళ్లు అక్కడి బైబిల్ కాలేజీ పిలుపు మీద ఒక సెమిస్టర్ వెళ్లడం మంచి దారి. బోధనానుభవం లేని పాతికేళ్లవాళ్లకు ఆపరేషన్ మొబిలైజేషన్ అనే మిషన్ సంస్థ వాళ్ల లోగోస్ హోప్ ఓడ ఒకటుంది. పుస్తకాలతో రేవులు తిరిగే ఓడ, ఆఫ్రికా రేవులకూ వెళ్తుంటుంది. దానికీ మద్దతు డబ్బు మీరే కూడగట్టుకోవాలి.

మరోవైపు అల్జీరియా, మొరాకో లాంటి దేశాల్లో ముస్లింల మధ్య మత ప్రచారం చట్టరీత్యా నేరం. మీరు నాలుగు రోజుల్లో విమానమెక్కేస్తారు, మీతో టీ తాగిన స్థానిక విశ్వాసి పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. అనుభవమున్న సంస్థ ద్వారా, ఏళ్ల తరబడి ఉండే ఉద్దేశంతో తప్ప ఆ దేశాల జోలికి పోవద్దు.

ఇందులో మన పాత ఉదాహరణ ఒకటుంది. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టుల తరఫున జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటల్లోని తెలుగు కూలీల మధ్య సంఘం పెట్టాడు. భాష తెలిసినవాడు, బాధ తెలిసినవాడు. ఇలాంటి అమరిక మనకు ఇంకెక్కడ కుదురుతుందో వెతికేవాళ్లు తక్కువ. టాంజానియా, ఉగాండా, బోట్స్‌వానా, కెన్యాల్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, సంఘాలూ ఉన్నాయి. దార్ ఎస్ సలామ్‌లో పదేళ్లుగా ఉంటున్న అకౌంటెంట్ శనివారం శనివారం ఒక స్థానిక క్లినిక్ లెక్కలు చూసిపెడితే, అది ఇక్కడి నుంచి వెళ్లే రెండు టీమ్‌లకంటే ఎక్కువ. వీసా బాధ లేదు, టికెట్ ఖర్చు లేదు, స్వాహిలీ ఎంతో కొంత వచ్చే ఉంటుంది. మీ చుట్టం ఎవరైనా అక్కడ ఉంటే ఈ వ్యాసం వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ఇంటి నుంచే డబ్బు, లేదా పని

డబ్బు పంపడం తక్కువ సేవ అన్న భావన మనలో పాతుకుపోయింది. నేను ఒప్పుకోను. సహారా దిగువ దేశాల గ్రామాల్లో వేసిన చేతిపంపుల్లో మూడో వంతు పనిచేయడం లేదని 2009 ప్రాంతంలో లెక్క తేలింది. వాటిలో చాలావాటికి మన ఊళ్ల బోరింగు హ్యాండిలే, ఇండియా మార్క్ టూ. కొత్త బోరు వేసి రాతి పలక మీద పేరు చెక్కించుకోవడానికి దాతలు దొరుకుతారు, వాషర్లు మార్చే మెకానిక్ జీతానికి దొరకరు. ఆ రెండో పనికి ఇచ్చే సంస్థను వెతకండి.

మన దేశం నుంచి పంపేటప్పుడు కొన్ని నియమాలున్నాయి. వ్యక్తులు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) పద్ధతిలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు, విరాళం కూడా అందులోకే వస్తుంది. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటితే బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు. సంఘం పేరున, సొసైటీ పేరున పంపాలంటే ముందు ఆడిటర్‌ను అడగాల్సిందే. ఎఫ్‌సీఆర్ఏ చట్టం విదేశాల నుంచి మన దేశానికి వచ్చే విరాళాల గురించినది, దీంతో కలిపి గాభరా పడొద్దు.

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో "ఉగాండా పాస్టర్" అని పరిచయమై వారంలో అనాథల ఫోటోలు పంపేవాళ్లకు పైసా ఇవ్వొద్దు. అందులో నిజమైనవాళ్లు ఉండొచ్చు. కానీ ఏ డినామినేషన్, పైన ఎవరున్నారు, ఆడిట్ ఎవరు చేస్తారు అని అడిగితే నిజమైనవాళ్లు జవాబిస్తారు, మిగతావాళ్లు ఇంకో ఫోటో పంపుతారు.

డబ్బు లేదు, నైపుణ్యం ఉంది అంటారా? ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగంలో ఆన్‌లైన్ సేవకు పేరు ఇచ్చుకోవచ్చు. అనువాదం, డిజైన్, డేటా, వెబ్‌సైట్ లాంటి పనులుంటాయి. మిషన్ సంస్థలకూ ఐటీ సాయం ఎప్పుడూ తక్కువే. మాదాపూర్‌లో కూర్చుని ఒక ఆసుపత్రి స్టోర్స్ సాఫ్ట్‌వేర్ సరిచేసేవాడికి సాక్ష్యం చెప్పుకోవడానికి ఫోటో ఉండదు, అంతే తేడా.

వెళ్లడం ఖాయమైతే

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు లేకుండా కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టరును అడగాలి. మలేరియా మాత్రలు వెళ్లకముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి. "మనకు మలేరియా అలవాటే" అనే ధీమా వద్దు, అక్కడిది ఎక్కువగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. తర్వాత ఎస్ఐఎం అనే మిషన్ సంస్థగా ఎదిగిన పనికి 1893లో నాంది పలికిన ముగ్గురిలో ఇద్దరు ఏడాదిలోపే జబ్బుతో చనిపోయారు. ఇప్పుడు మందులున్నాయి, వేసుకోవాలంతే.

వీసా కూడా సరైనదే తీసుకోండి. జీతం లేకపోయినా సరే, టూరిస్టుగా దిగి పనిచేస్తే చాలా దేశాల్లో తప్పే. టాంజానియాలో మిషనరీలకు, వాలంటీర్లకు క్లాస్ సి పర్మిట్ అని వేరే ఉంది. సాహెల్ ప్రాంతానికి, అంటే బుర్కినా ఫాసో, మాలి, నైజర్‌లకు, ఇప్పుడు కొత్తవాళ్లను వెళ్లమని నేను చెప్పను. బుర్కినా ఫాసోలోని జీబోలో నలభై ఏళ్లకు పైగా ఆసుపత్రి నడిపిన ఆస్ట్రేలియా సర్జన్‌నే 2016లో ఎత్తుకెళ్లి ఏడేళ్లు బంధించారు. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు కూడా కవరయ్యే ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కడికీ కదలొద్దు.

డబ్బు కట్టేముందు ఆ సంస్థకు ఒక మెయిల్ రాయండి. నా రోజువారీ పని ఏమిటి, నాకు పైన ఉండే స్థానిక వ్యక్తి ఎవరు, నేను రాకముందు ఆ పని ఎవరు చేశారు, వెళ్లాక ఎవరు చేస్తారు, పిల్లలతో పని ఉంటే నా పోలీస్ క్లియరెన్స్ అడుగుతారా అని. పది రోజులు ఆగి చూడండి. సూటిగా జవాబులు వస్తే టికెట్ బుక్ చేసుకోండి. పేమెంట్ లింక్ ఒక్కటే వస్తే ఆ డబ్బు టెన్వెక్ లాంటి చోటికి పంపండి.